ఆల్బినిజం: చర్మం నుండి మెదడు దాకా ఒక పరీక్ష చరిత్ర

గోరంట్ల ఎండ ఎటువంటిదో అనంతపురం పీఠభూమిలో తిరిగినవారికి చెప్పనక్కరలేదు. అటువంటి ఊళ్లో ఆల్బినిజంతో పుట్టిన పిల్లవాడిని ఊహించండి. వెలుగులో కళ్లు తెరవలేడు. కనుగుడ్లు అదేపనిగా అటూ ఇటూ కదులుతుంటాయి. నల్లబల్లపై అక్షరాలు ఆనవు. కళ్లద్దాలు పెట్టినా చూపు పూర్తిగా రాదు కనుక, మొద్దు అన్న పేరు సులువుగా వస్తుంది. ఈ లోపం కంటితో ఆగక మెదడుకు వెళ్లే నరాల దారిలో కూడా ఉందని శాస్త్రజ్ఞులు ఎలా తెలుసుకొన్నారో ఈ భాగంలో చూద్దాం.

బొల్లి, ఆల్బినిజం ఒకటి కావు. బొల్లి మచ్చలు పుట్టిన తరువాత ఏర్పడతాయి. ఆల్బినిజంలో మెలనిన్ అనే రంగు పదార్థం పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది లేదా అసలే ఉండదు. 1908లో లండన్‌లో ఆర్చిబాల్డ్ గారడ్ తన ఉపన్యాసాల్లో దీనిని పుట్టుకతో వచ్చే జీవరసాయన లోపాల్లో ఒకటిగా వివరించాడు. ఎక్కువ రకాల్లో తల్లి, తండ్రి ఇద్దరి నుండీ లోపమున్న జన్యువు అందితేనే బిడ్డకు ఇది వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరగడానికి కారణం ఇదే. శాపాలతో దీనికి సంబంధం లేదు.

నరాల దారి సంగతి మొదట జంతువుల్లో బయటపడింది. మామూలుగా ప్రతి కంటి రెటీనాలో ముక్కు వైపు సగం నుండి బయలుదేరే నరాల తంతువులు మెదడు అవతలి పక్కకు దాటుతాయి; కణత వైపువి తమ పక్కనే ఉండిపోతాయి. 1969లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రే గిలరీ, సయామీస్ పిల్లుల్లో తమ పక్కనే ఉండవలసిన తంతువులు కొన్ని అవతలికి దాటుతున్నాయని చూపాడు. 1973లో గిలరీ, జాన్ కాస్ తెల్లపులిలోనూ ఇదే చూశారు. తెల్లపులి కథ మన దేశానిదే. 1951లో రీవా అడవుల్లో పట్టుబడిన మోహన్ అనే మగపులి సంతతిని దగ్గరి రక్తసంబంధంలోనే పెంచారు. చారలుంటాయి కనుక తెల్లపులి పూర్తి ఆల్బినో కాదు. అయినా దారి తప్పిన నరాలు దానిలోనూ ఉన్నాయి.

మనిషి తల కోసి చూడలేం కదా! అందుకు 1929లో హాన్స్ బెర్గర్ ప్రకటించిన మెదడు విద్యుత్ నమోదు పద్ధతి ఉపయోగపడింది. తల వెనుక కుడి, ఎడమల ఎలక్ట్రోడ్లు అతికించి, ఒక కన్ను మూసి, రెండో కంటికి వెలుగు చూపుతారు. మెదడులో పుట్టే స్పందన మైక్రోవోల్టులలో ఉంటుంది కాబట్టి అనేకసార్లు చూపి సగటు తీస్తారు. ఆల్బినిజంలో ఎడమ కంటికి చూపితే కుడి పక్క, కుడి కంటికి చూపితే ఎడమ పక్క స్పందన ప్రధానంగా వస్తుంది. ఈ అసమానతను 1974లో క్రీల్, విట్‌కాప్, కింగ్ మనుషుల్లో నమోదు చేశారు. 1983లో పాట్రీషియా ఆప్కారియన్ బృందం దీనిని రోగనిర్ధారణ పరీక్షగా తీర్చిదిద్దింది. చర్మం, జుట్టు కొంత రంగుతోనే ఉండి గుర్తించడం కష్టమైన పిల్లల విషయంలో ఇది ఎంతో అక్కరకు వచ్చింది.

చిక్కు వయసుతో వచ్చింది. పసిబిడ్డ మెదడు స్పందన నెమ్మదిగా ఉంటుంది. మొదటి ఏడాదిలో త్వరత్వరగా వేగం పుంజుకొంటుంది. పసిబిడ్డ తెరపై గడులను నిలకడగా చూడలేడు కనుక మెరుపు వెలుగుతో పరీక్షిస్తారు. వయసు పెరిగేకొద్దీ మెరుపులో అసమానత మసకబారుతుంది. అప్పుడు ఉన్నట్టుండి కనిపించి మాయమయ్యే గడుల బొమ్మ కావాలి. గడులు తెలుపు నలుపులుగా తారుమారయ్యే మామూలు పద్ధతి కదిలే కనుగుడ్లకు సరిపడదు. అంటే పిల్లల వయసు తెలియకుండా ఆ గీతలను చదవడం పొరపాటు.

ఈ పరీక్ష చూపును తెచ్చిపెట్టదు. రెటీనా మధ్యభాగం సరిగా ఏర్పడకపోవడం అలాగే ఉంటుంది. కానీ అద్దాలతో ఎందుకు పూర్తిగా సరికాలేదో తల్లిదండ్రులకు తెలుస్తుంది. ముందు బెంచీ, పెద్ద అక్షరాల పుస్తకం, భూతద్దం, అంచు వెడల్పు టోపీ అడగడానికి ఆధారం దొరుకుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం అల్పదృష్టిని వైకల్యంగా గుర్తించింది. ధ్రువపత్రానికి మాత్రం చూపు కొలతే ఆధారం. ఇటువంటి పరీక్షలకు గోరంట్ల నుండి బెంగళూరు, హైదరాబాద్ వంటి నగరాల పెద్ద కంటి ఆసుపత్రుల దాకా వెళ్లవలసి రావచ్చు. కనుగుడ్ల కదలికను ఇంట్లో మొదటి నెలల్లోనే గమనించి తీసుకువెళితే మెరుపు పరీక్ష చాలు. బడిలో పంతులుగారు పట్టుకొనే దాకా ఆగితే గడుల పరీక్షే చేయాలి.