పొడపత్రి చరిత్ర

మన పెద్దలు ఆంధ్రదేశము విడిచి వచ్చునపుడు భాషతోపాటు చెట్టుచేమల పేర్లను గూడ వెంట దెచ్చుకొనిరి. అట్టివానిలో పొడపత్రి యొకటి. కంచెలపై నల్లుకొను నీ తీగను తమిళులు చిరుకురింజాన్ అనియు, కన్నడిగులు సణ్ణగెరసె యనియు, మహారాష్ట్రులు కావళి యనియు అందురు. హిందీలో గుడ్‌మార్, అనగా బెల్లమును చంపునది, సంస్కృతమున మధునాశిని. ఈ కడపటి రెండు పేర్లే దాని కీర్తికిని, దానినిగూర్చిన భ్రాంతికిని మూలములైనవి.

ఆకు నమిలినవారికి కొంతసేపు తీపి తెలియదు. నేనును పరీక్షించి చూచితిని. నమిలి యుమిసి, చిటికెడు పంచదార నోట వేసికొనగా ఇసుక వేసికొన్నట్లే యుండెను. 1847 ప్రాంతమున ఎడ్జివర్తు అను ఆంగ్లేయుని మూలమున ఈ వింత పాశ్చాత్య పండితులకు తెలియవచ్చెను. నలుబదియేండ్లకు, 1887లో, మదరాసు ప్రభుత్వ పక్షమున ఉదకమండలములో క్వినైను రసాయనజ్ఞుడుగా నుండిన డేవిడ్ హూపరు ఆకునుండి జిమ్నెమిక్ ఆమ్లమును వేఱుపఱచెను. ఆకు నమిలినపిదప తన క్వినైను చేదు గూడ తెలియక, సుద్దపొడివలె నుండునని ఆయన వ్రాసెను. ఆ వృత్తిలోనివానికి అది యెంత ముచ్చట గొలిపెనో!

నాలుకపై తీపిని చంపునది మూత్రమునందలి తీపిని గూడ చంపునని లోకులు తలచుట సహజము. కాని ఈ ఆమ్లములు తీపిని గ్రహించు స్థానములను తాత్కాలికముగా మూయును. తిన్న చక్కెర యథాప్రకారము కడుపులోనికే పోవును. మా బంధువులలో నొక వృద్ధుడు ఈ యాకును నమ్మి ఇన్సులిను సూదిమందు మానివేసెను. పదిదినములు దాటకమునుపే స్పృహ తప్పి ఆసుపత్రి చేరెను.

అట్లని నెత్తురుపై దాని ప్రభావము శూన్యమనుటకును వీలులేదు. 1928లో కలకత్తాలో చోప్రా ప్రభృతులు పరిశోధించి, మధుమేహమున దీనివలన మేలు కనుగొనలేకపోయిరి. 1930లో మ్హస్కరు, కైయస్ అనువారు జంతువులకిచ్చి, నెత్తుటిలో చక్కెర తగ్గుట చూచిరి; ఆకు క్లోమమును ప్రేరేపించి ఇన్సులినును ఊరించునేమో యని భావించిరి. రెండేండ్లలో రెండు తీర్పులు!

అటుపిమ్మట ఎక్కువగా పేర్కొనబడునది మదరాసులో షణ్ముగసుందరము, ఆయన సహచరులు జరిపి 1990లో ప్రకటించిన పరిశోధన. మాత్రలు వాడుచున్న 22 మంది రోగులకు ఆ మాత్రలతోపాటు దినమునకు 400 మిల్లీగ్రాముల ఆకుసారమును 18 మొదలు 20 నెలలవఱకు ఇచ్చిరి. చక్కెర తగ్గెను, అయిదుగురు మాత్రలు మానగలిగిరి. ఇన్సులినుపై ఆధారపడిన మఱి 27 మందిలో సూదిమందు మోతాదు తగ్గెను. ఇది యాశాజనకమే. అయినను రోగుల సంఖ్య స్వల్పము. చీట్లు వేసి రోగులను రెండు తెగలుగా విడదీసి పోల్చిన పరీక్షయు కాదు. మాత్రలతో గలిపి పుచ్చుకొన్నచో చక్కెర మితిమీఱి పడిపోవు ప్రమాదమును గలదు గనుక, అది వైద్యుని కంటియెదుట జరుగవలసిన పని. ఆ 27 మందియు సారమును పుచ్చుకొన్నది ఇన్సులినుతోపాటే. మా వృద్ధుని కామాట చెప్పినవారు లేకపోయిరి.