పాత కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్: ముందు వర్చువల్ మెషిన్‌లో పరీక్ష

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 భద్రతా సదుపాయం, నిర్దేశిత ప్రాసెసర్ ఉండాలి. అవి లేని కంప్యూటర్లకు ఉన్న దారుల్లో ఉచితంగా దొరికే లినక్స్ ఒకటి. అయితే ఉన్న సిస్టమ్‌ను తుడిచేశాక పొరపాటు తెలిస్తే పోయిన ఫైళ్లు తిరిగి రావడం కష్టం. అందుకే ముందుగా వర్చువల్ మెషిన్‌లో ఇన్‌స్టాల్ చేసి చూడటం మేలు.

వర్చువల్ మెషిన్ అంటే?

కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్ సృష్టించే మరో కంప్యూటర్ ఇది. ఈ ఆలోచన పాతదే. ఐబీఎం 1972లోనే వీఎం/370ని ప్రకటించింది. ఇప్పుడు ఒరాకిల్ సంస్థ వర్చువల్‌బాక్స్ ఉచితంగా లభిస్తోంది. అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అని, లోపలిదాన్ని గెస్ట్ అని అంటారు. గెస్ట్‌కు హార్డ్ డిస్క్‌గా కనిపించేది నిజానికి హోస్ట్‌లోని ఒక ఫైలు మాత్రమే.

సిద్ధం చేసుకోవాల్సినవి

2024 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 24.04ను ఉదాహరణగా తీసుకుందాం. దీనికి 4 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్ స్థలం ఉంటే మంచిది. హోస్ట్ ర్యామ్‌లో సగానికి మించి గెస్ట్‌కు ఇవ్వకూడదు కాబట్టి హోస్ట్‌కు 8 జీబీ ఉండాలి. బయోస్‌లో వీటీ-ఎక్స్ లేదా ఏఎండీ-వీ ఆన్‌లో ఉండాలి. ఇన్‌స్టలేషన్‌కు డీవీడీ అక్కర్లేదు. డిస్క్‌కు నకలైన ఐఎస్ఓ ఫైలును అధికారిక సైట్ నుంచి దించుకుని, దాని ఎస్‌హెచ్ఏ-256 సంఖ్య సైట్‌లో ఇచ్చినదానితో సరిపోయిందో లేదో చూసుకోవాలి.

ఇన్‌స్టలేషన్ ఇలా

వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషిన్ సృష్టించి, ఐఎస్ఓను దాని ఆప్టికల్ డ్రైవ్‌కు తగిలించాలి. ప్రశ్నలు అడగకుండా తనంతట తానే ఇన్‌స్టాల్ చేసే పద్ధతిని వదిలేస్తేనే ప్రతి దశా కళ్లారా చూడవచ్చు. మెషిన్ స్టార్ట్ చేస్తే అది డిస్క్ నుంచి బూటై భాష, కీబోర్డ్ వివరాలు అడుగుతుంది.

తర్వాత వచ్చేదే భయపెట్టే ప్రశ్న: డిస్క్ మొత్తం చెరిపేసి ఇన్‌స్టాల్ చేయాలా? గెస్ట్ విండోలో దీనికి సరే అంటే చెరిగేది వర్చువల్ డిస్క్ ఒక్కటే. హోస్ట్‌లోని ఫొటోలు, పత్రాలు అలాగే ఉంటాయి. అదే ప్రశ్నకు అసలు కంప్యూటర్‌పై సరే అంటే అన్నీ పోతాయి. ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి.

ఇన్‌స్టలేషన్ పూర్తయ్యాక ఐఎస్ఓను డ్రైవ్ నుంచి తీసేయాలి. లేకపోతే ఇన్‌స్టాలర్ మళ్లీ మొదటికి రావచ్చు. ఆ తర్వాత ఒక స్నాప్‌షాట్ తీసుకుంటే, ఎన్ని ప్రయోగాలు చేసినా అదే స్థితికి తిరిగి వెళ్లవచ్చు.

తెలిసేది, తెలియనిది

తెలుగు టైపింగ్ కుదురుతోందా, రోజువారీ పత్రాలు సరిగా తెరుచుకుంటున్నాయా అన్నవి ఇక్కడే తేలిపోతాయి. వైఫై, గ్రాఫిక్స్, బ్యాటరీ సంగతి మాత్రం తెలియదు. గెస్ట్‌కు కనిపించేది వర్చువల్ హార్డ్‌వేరే కదా. వేగం కూడా కాస్త తగ్గుతుంది. వాటిని పరీక్షించాలంటే అదే ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే లైవ్‌గా నడిపి చూడాలి. రెండు పరీక్షలూ నెగ్గాక, ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకున్న తర్వాతే అసలు కంప్యూటర్‌పై చేయి వేయాలి.