అంతర్వేది ముంగిళ్లు – ముగ్గుల పుస్తకములు

వశిష్ఠ గోదావరి కడలిలో గలియు అంతర్వేదికి వచ్చు చరిత్రాభిలాషి చూపు సహజముగా లక్ష్మీనరసింహస్వామి గోపురముమీదను, 19వ శతాబ్దిలో ఆ యాలయమును పునర్నిర్మింపజేసిన కొపనాతి కృష్ణమ్మగారి దాతృత్వముమీదను, అన్నాచెల్లెళ్ల గట్టు నొద్ద నదీసాగరములు సంగమించు తావుమీదను నిలుచును. అది యుచితమే. అయినను ఆ యూరి యిండ్లలోను, ఆ మాటకు వచ్చినచో సఖినేటిపల్లి మొదలు అమలాపురము వరకు గల కోనసీమ లోగిళ్లలోను, చరిత్ర గ్రంథముల కెక్కని లిఖితసంపద యొకటి గలదు. ఇల్లాండ్రు పరుల కొరకు గాక తమ కొరకే వ్రాసికొనిన ముగ్గుల పుస్తకము లవి.

ముగ్గు మిక్కిలి ప్రాచీనమైన విద్య. వాత్స్యాయనుడు కామసూత్రములలో పరిగణించిన 64 కళలలో బియ్యముతోను పూలతోను నేలపై రచనలు తీర్చుట యొకటి. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామమున ఓరుగంటి వారాంగన మాచల్దేవి చిత్రశాలాప్రవేశమునాడు గంధపునీట కలయంపి చల్లి, కుంకుమపువ్వుతో ముగ్గులు పెట్టిన సంగతి వర్ణితమైనది. అంతటి వైభవము లేని మన తీరపుటూళ్లలో గుల్లలు కాల్చిన సున్నమే ముగ్గు, పేడకళ్లాపియే కలయంపి. శతాబ్దులపాటు ఈ విద్య తల్లి చేతినుండి కూతురి చేతికి నేలమీదనే సంక్రమించినది. ఆడపిల్లలు బడికి పోవుచు, నోటుపుస్తకము చవుకగా దొరకుచు వచ్చిన 20వ శతాబ్దిలో అది కాగితమెక్కినది. వారపత్రికలు సంక్రాంతికి ముగ్గులు ప్రచురింపసాగిన పిదప ఆ యలవాటు మరింత బలపడినది.

అట్టి పుస్తకమునందలి యొక పుట చూడుడు. పైన “15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క” అని ఒక్క పంక్తి. దాని క్రింద పెన్సిలుతో చుక్కలు, సిరాతో మెలికలు. అంచున ఆ ముగ్గు ఎవరియొద్ద ఎక్కించుకొన్నదో తెలుపు పేరు. అంతకు మించి వివరణ లేదు. తెలిసినవారికి అవసరమును లేదు. నడుమ వరుసలో 15 చుక్కలు పెట్టి, పైకిని క్రిందికిని వరుసకొక్కటి తగ్గించుచు, ముందరి వరుస సందులలో తరువాతి చుక్కలు పడునట్లు ఎనిమిదివరకు పోయినచో మొత్తము 169 చుక్కల షట్కోణ మేర్పడును. అందొక్క చుక్క తప్పినను మెలిక తిరిగి మొదటికి రాదు. వేకువ మసకచీకటిలో నడుము వంచి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండి జార్చుచు, ఆ లెక్కనంతయు పుస్తకము చూడకయే వాకిట దించు ఇల్లాలి ధారణాశక్తికి నేను చేతులెత్తి నమస్కరింతును. మిట్టమధ్యాహ్నము కాకమునుపే పశువుల గిట్టలును, బండిచక్రములును, బడిపిల్లల పాదములును ఆ రచనను చెరపివేయును. మరునాటికి మరియొకటి. మిగులునది పుస్తకములోని యా యొక్క పంక్తియే.

ఇట్లు రచన చెరగినను సూచన నిలుచు రీతి పరదేశముల కళలోను గలదు. పాశ్చాత్యదేశములలో వస్తువుకన్న ఊహయే కళకు ప్రాణమని వాదించిన చిత్రకారులు 1960లలో ఒక వర్గముగా తలయెత్తిరి. వారిలో సాల్ లెవిట్ 1968లో న్యూయార్కునందలి పౌలా కూపర్ గ్యాలరీ గోడమీద పెన్సిలు గీతలు గీసి, ప్రదర్శనానంతరము వానిపై రంగు పూయనిచ్చెను; అట్టి గోడచిత్రములను మరల గీయవలెనన్న లిఖితమైన ఆదేశమే ఆధారము. లీ లొజానో అను చిత్రకారిణి ఆ దినములలోనే తాను చేయదలచిన పనులను ఆదేశములుగా సొంత నోటుపుస్తకములలో వ్రాసికొన్నది. నేడవి అచ్చుపడి కళాకృతులుగా గౌరవము పొందుచున్నవి. ఆ గౌరవమును నేను కాదనను. అదే పనిని అంతకు ముందునుండియు చేయుచున్న మన యాడవారి పుస్తకములకు అది దక్కకపోవుటకు కారణమొక్కటే: దానిని మనము ఇంటిపని క్రింద జమకట్టితిమి. గణితజ్ఞులు మనకన్న మేలు. మద్రాసు క్రైస్తవ కళాశాల ఆచార్యుడు గిఫ్ట్ సిరొమనీ, రాణీ సిరొమనీ, కమలా కృత్తివాసన్‌లతో గూడి 1974లోనే తమిళుల ముగ్గులగు కోలముల నిర్మాణమునకు వ్యాకరణము కట్టి ప్రకటించెను.

అంతర్వేదిలో మాఘ శుద్ధ దశమినాటి స్వామి కల్యాణమునకును, భీష్మైకాదశినాటి రథోత్సవమునకును ముందే, కనుమ పండుగకు వాకిళ్లలో రథము ముగ్గు వెలయును; దాని త్రాటిని పొరుగింటి ముగ్గువరకు లాగుదురు. 2020 సెప్టెంబరులో స్వామి రథము దగ్ధము కాగా రాష్ట్రమంతయు కలత చెందినది. మరుసటి మాఘమునకే క్రొత్త రథము సిద్ధమైనది. వాకిటి రథముల చుక్కలెక్కలున్న పుస్తకములు మాత్రము, 1996 నవంబరు 6నాటి పెనుతుపానును తప్పించుకొన్నవి సైతము, చెదలకు చిక్కియో పాతకాగితముల తక్కెడ కెక్కియో నశించుచున్నను అడుగువారు లేరు.

చదువరులారా, మీ యింట అమ్మమ్మగారి ముగ్గుల పుస్తకమున్నచో, ఆమె యుండగనే ఆమె పేరును, ఊరును, దానిని మొదలిడిన యేడును అట్టలోపల వ్రాయించుడు. ప్రతి పుటకును ఫోటో తీసి పెట్టుడు. మీరు దాచజాలనిచో రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము వంటి చోటివారి నడిగి అప్పగింపుడు.