హెడ్‌ఫోన్ కీచు, మృదంగం మందు, అమ్మ క్యాసెట్

నేను హైదరాబాదులో ఇంగ్లీషు మీడియంలో చదివాను. తెలుగు మాట్లాడటం ఇంట్లోనే వచ్చింది. చదవటం, రాయటం మాత్రం అమెరికాలో, రిటైర్ అయ్యాక, నాకు నేనే నేర్చుకున్నాను. స్కూల్లో ఫిజిక్సులో "రెజొనెన్స్" అని బట్టీ పట్టాను. దాన్ని తెలుగులో అనునాదం అంటారని ఈ మధ్యే తెలిసింది. అనుచరుడు అంటే వెంట నడిచేవాడు. అనునాదం అంటే వెంట మోగేది. ఇంగ్లీషు మాట కన్నా ఇదే నాకు బాగా అర్థమైంది.

ఈ మాట నాకెందుకు కావలసి వచ్చిందో చెబుతాను. 1986లో మా అమ్మ తెనాలి నుంచి నాకొక క్యాసెట్ పంపింది. ఉత్తరం రాయటం బద్ధకమై మాటలు రికార్డు చేసింది. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. మా అబ్బాయి ఆ క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక ఖరీదైన హెడ్‌ఫోన్ కొనిచ్చాడు. పెట్టుకుని వింటే అమ్మ "స" అన్నప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టు ఉంది. పది నిమిషాలు వినలేకపోయాను. ఇది నా ఒక్కడి కష్టమేనా అని వెతికితే పెద్ద చరిత్రే దొరికింది.

హెడ్‌ఫోన్ చరిత్రలో నాకు నచ్చిన మనిషి యూటాకి చెందిన నథానియేల్ బాల్డ్విన్. జనం రొదలో ప్రార్థన మందిరంలోని ప్రసంగం వినపడక ఆయనకి ఈ ఆలోచన వచ్చిందంటారు. గుళ్లో మైకు పని చూసేవాడిని కదా, ఆ బాధ నాకు తెలుసు! 1910లో ఆయన తన హెడ్‌ఫోన్లను అమెరికా నౌకాదళానికి పంపాడు. వాళ్లకి నచ్చి ఇంకా కావాలన్నారు. ఆయన వాటిని వంటింట్లో తయారు చేసేవాడు కాబట్టి ఒకేసారి ఎక్కువ ఇవ్వలేకపోయాడు.

1958లో మిల్వాకీలో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చాడు. దానితో సంగీతం ఒక్కరే కూర్చుని వినే అలవాటు పెరిగింది. 1968లో జర్మనీలోని సెన్‌హైజర్ కంపెనీ వెనక భాగం తెరిచి ఉండే హెచ్‌డీ 414 తెచ్చింది. అదే కంపెనీ 2009లో హెచ్‌డీ 800 తెచ్చింది. అమెరికాలో అప్పటి ధర దాదాపు 1,400 డాలర్లు. చిన్న చిన్న శబ్దాలు కూడా విడివిడిగా వినిపించేవని అందరూ మెచ్చుకున్నారు. కానీ 6,000 హెర్ట్జ్ దగ్గర ఒక కీచు ఉందని చాలామంది విన్నారు. మాంటానాలోని బోజ్‌మన్‌లో టిల్ హర్ట్‌సెన్స్ లాంటివాళ్లు కొలిచి చూపించారు కూడా.

కీచు అక్కడే ఎందుకు? గాలిలో 6,000 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఆరు సెంటీమీటర్ల కన్నా కొంచెం తక్కువ. హెడ్‌ఫోన్ కప్పు లోపలి కొలతలు కూడా ఇంచుమించు ఆ మోతాదులోనే ఉంటాయి. అందుకని ఆ తరంగం గోడ నుంచి గోడకి కొట్టుకుంటూ ఉండిపోతుంది. 100 హెర్ట్జ్ తరంగం మూడు మీటర్లు దాటుతుంది. అది ఆ గూట్లో పట్టదు, చిక్కుకోదు.

అభిమానులు హెడ్‌ఫోన్ విప్పి లోపల ఫెల్టు గుడ్డ, అలమారాల్లో పరిచే మెత్తని షీటు ముక్కలు కత్తిరించి అతికించారు. ఫెల్టు పీచుల మధ్య గాలి రాసుకుని, శబ్దంలోని శక్తి కొంచెం వేడిగా మారిపోతుంది. 2016లో కంపెనీ హెచ్‌డీ 800 ఎస్ తెచ్చింది. అందులో ఆ ఒక్క కీచునే మింగే చిన్న గదిని అమర్చింది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం వస్తుంది చూడండి, ఆ సూత్రమే. పందొమ్మిదో శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని వివరించాడు. పాత హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లు త్రీడీ ప్రింటరుతో అలాంటి ముక్కలు చేసుకున్నారు.

ఇది మనకి కొత్త కాదు. మా గుళ్లో కచేరీకి వచ్చే మృదంగం వాయించే ఆయన ముందుగా ఎడమ వైపు తడి రవ్వ ముద్ద పెడతారు. అది బరువై నాదం కిందికి దిగుతుంది. కచేరీ అయ్యాక గీకేస్తారు. కుడి వైపు నల్లటి మందు ఎప్పుడూ ఉంటుంది. ఉత్త తోలు మీద కొడితే వచ్చే పై స్వరాలు ఒకదానితో ఒకటి కలవవు, రొదగా ఉంటాయి. ఆ నల్ల మందు బరువు వల్ల అవి శ్రుతిలో పడతాయి. 1920లో సి.వి. రామన్ గారు ఈ విషయం గురించి "నేచర్" పత్రికలో రాశారు. మన వాద్యాలు చేసేవాళ్లు మాత్రం ఏ కొలత యంత్రమూ లేకుండా, చెవితోనే అది సాధించారు.

ఇప్పుడు నా కథ. నేను తొందరపడి చెవి మీద మందంగా దూది పెట్టి విన్నాను. కీచు పోయింది, కానీ అమ్మ గొంతు దుప్పటి కిందినుంచి వచ్చినట్టుంది. "స" ఏదో "శ" ఏదో తెలియలేదు. ఆ తేడా ఉండేది పై శబ్దాల్లోనే. అసలే నా వయసులో పై శబ్దాలు తగ్గిపోతాయి. అంటే అంతా తగ్గించకూడదు, అదనంగా మోగేదాన్నే తగ్గించాలి. అప్పుడు అబ్బాయి సాయంతో కప్పు లోపలి అంచు చుట్టూ పల్చని ఫెల్టు ముక్కలు అతికించాను. జిగురు వేయలేదు, నచ్చకపోతే తీసేయొచ్చని టేపు వాడాను. మూడుసార్లు తీసి, తగ్గించి, మళ్లీ పెట్టాను.

చివరికి అమ్మ స్పష్టంగా వినిపించింది. "సుసీల పిన్ని వచ్చింది, సేసు బావకి ఉద్యోగం వచ్చింది" అంటోంది. సుశీల కాదు, శేషు కాదు!

మా గుళ్లో అర్చకులు గారు నా "సాంతి"ని "శాంతి" అని ఎన్నోసార్లు దిద్దారు. ఇంగ్లీషు మీడియం వల్ల నా నోరు చెడిపోయిందని సిగ్గుపడేవాణ్ణి. అది స్కూలు ఇచ్చింది కాదు, అమ్మ ఇచ్చింది. మైకులో "శాంతి" అనే అంటాను, అది నేర్చుకోవలసిందే. తమ్ముడితో ఫోన్లో మాత్రం "సేసు బావ ఎలా ఉన్నాడు?" అనే అడుగుతున్నాను.

మీ ఇంట్లో పాత క్యాసెట్ ఉంటే ఒకసారి వినండి. నా తెలుగులో తప్పులుంటే దిద్దండి.