విశాఖపట్నంలో మనస్తత్వశాస్త్ర విద్యార్థుల సదస్సులు, కార్యశాలలు: చరిత్ర

మనస్తత్వశాస్త్రం చదివేవారు తరగతి గది దాటాక ఆ శాస్త్రాన్ని కలుసుకునే చోట్లు ముఖ్యంగా రెండు. సదస్సులో పత్రం చదువుతారు, ఇతరుల పత్రాలు వింటారు, ప్రశ్నలడుగుతారు. కార్యశాలలో ఒక పరీక్షనో, లెక్కల పద్ధతినో, మాట్లాడించే తీరునో చేసి చూసి నేర్చుకుంటారు. క్యాంపస్‌లో మాత్రం ఎవరూ ఈ మాటలు వాడరు. సెమినార్, వర్క్‌షాప్ అనే అంటారు. ప్రపంచంలో మనస్తత్వశాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశం 1889లో పారిస్‌లో జరిగింది. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయం ఎన్.ఎన్. సేన్‌గుప్తా ఆధ్వర్యంలో తొలి శాఖను తెరిచింది. 1920ల్లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ ఈ శాస్త్రానికి ఒక విభాగం కేటాయించింది. విశాఖపట్నంలో ఈ కథ ఆంధ్ర విశ్వవిద్యాలయంతో ముడిపడి నడిచింది. ఆ కథలో మొదటి నుంచీ కనిపించే లక్షణం ఒకటుంది: ఇక్కడ మనస్తత్వశాస్త్రం ఎప్పుడూ ఎవరో ఒకరి పంచన ఉంటూ వచ్చింది. తత్త్వశాస్త్రం, పారాసైకాలజీ, సైన్స్ కాంగ్రెస్, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు, వైద్యం వంతులవారీగా దానికి చోటిచ్చాయి. సదస్సులో విద్యార్థి ఎక్కడ కూర్చోవాలో, మాట్లాడాలో వినాలో, ఏ విషయం ఎత్తాలో ఎక్కువసార్లు ఆ ఇంటివాళ్ల కట్టుబాట్లే తేల్చాయి.

1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో విశాఖపట్నంలోని వాల్తేరుకు చేరింది. 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్నారు. తత్త్వశాస్త్రానికి ఇక్కడ మొదటి నుంచీ పెద్దపీట వేశారు. తర్వాతి తరంలో కొత్త సచ్చిదానందమూర్తి ఆ పేరు నిలబెట్టారు. మనస్సును గురించిన పాఠం ఆ నీడలోనే సాగింది. తత్త్వశాస్త్ర సభల మర్యాద వేరు. పెద్దలు ప్రసంగిస్తారు, ఎదుటి పక్షాన్ని ఖండిస్తారు, విద్యార్థి విని రాసుకుంటాడు. అక్కడ కొలతలు, పట్టికలు, ప్రయోగ ఫలితాలు పెద్దగా అవసరం పడవు. ఆ తత్త్వశాస్త్ర శాఖలోనే చదివి, అక్కడే పాఠం చెప్పి, అమెరికా వెళ్లి, డ్యూక్ విశ్వవిద్యాలయంలో పారాసైకాలజీ పరిశోధకుడు జె.బి. రైన్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు (1932–2021) 1967లో మనస్తత్వశాస్త్రానికి వేరు కాపురం పెట్టించారు. అయితే కొత్త శాఖ గుమ్మం మీద ఒక పేరు కాదు, రెండు పేర్లు పడ్డాయి: మనస్తత్వశాస్త్రం, పారాసైకాలజీ.

ఈ జంట పేరు చాలామందికి ఇబ్బందిగా తోచింది, ఇప్పటికీ తోస్తుంది. పారాసైకాలజీ పరిశీలించే అతీంద్రియ గ్రహణం ఉందని నిర్వివాదంగా రుజువు కాలేదు. అలాంటి దాని పేరు తగిలించుకున్న శాఖ విద్యార్థికి శాస్త్రీయ సదస్సుల్లో ఏ గౌరవం దక్కుతుందని వారి ఆక్షేపణ. ఆక్షేపణలో బలం లేకపోలేదు. కానీ శాఖ నమ్మకం ఏమిటన్నదానితో ఆగక, ఆ పరిశోధన విద్యార్థి చేత ఏం చేయించేదో కూడా చూడాలి. రైన్ ప్రయోగాల్లో వాడిన కట్టలో 25 కార్డులుంటాయి. వృత్తం, శిలువ గుర్తు, అలల గీతలు, చతురస్రం, నక్షత్రం ఒక్కొక్కటి అయిదు. ఊరికే ఊహించి చెప్పినా సగటున అయిదు సరిపోతాయి. కాబట్టి ఏడు సరిపోయినంత మాత్రాన అద్భుతమేమీ కాదు; ఎన్ని కట్టలు చూశాక, ఎంత తేడా వస్తే, యాదృచ్ఛికం కాదని అనవచ్చో లెక్క కట్టాలి. కార్డు వెనుక మరక కనబడిందా, ప్రయోగం చేసేవాడి ముఖం ఏమైనా చెప్పేసిందా, రాసుకునేవాడు పొరపాటు పడ్డాడా అని ప్రతిదీ అనుమానించాలి. మామూలు మనస్తత్వశాస్త్ర ప్రయోగాల్లో చూసీ చూడనట్టు వదిలేసే లోపాలను ఇక్కడ వదలడానికి వీల్లేదు. ఎదురుగా విమర్శకులు కాచుకుని ఉంటారు. 1970ల ఆరంభంలో బి.కె. కాంతమణి, రామకృష్ణారావు వ్యక్తిత్వ లక్షణాలకూ ఇలాంటి పరీక్షల ఫలితాలకూ సంబంధం వెతుకుతూ ప్రచురించిన వరుస వ్యాసాలు ఈ పద్ధతిలోనివే. వాటి ముగింపులను ఒప్పుకోనివారు కూడా వాటి నుంచి ప్రయోగ రచన నేర్చుకోవచ్చు.

1987లో బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్ పత్రికలో రామకృష్ణారావు, జాన్ పామర్ కలిసి రాసిన వ్యాసం, దానికి ఎదురుగా జేమ్స్ ఆల్కాక్ విమర్శ, చుట్టూ అనేకమంది వ్యాఖ్యలు, చివర రచయితల జవాబులు ఒకే సంచికలో వచ్చాయి. అది కాగితం మీద జరిగిన సదస్సు. మన సభల్లో సాధారణంగా వందన సమర్పణకు దొరికినంత సమయం ప్రశ్నలకు దొరకదు. ఆ చర్చలో ఎక్కువ పేజీలు ప్రశ్నలకే పోయాయి. వాల్తేరు విద్యార్థి తన శాఖ స్థాపకుణ్ణి లోకం నిలబెట్టి ప్రశ్నించడం చదవగలిగాడంటే అది చిన్న చదువు కాదు. 2011లో మనస్తత్వశాస్త్రవేత్త డారిల్ బెమ్ భవిష్యత్తు ముందే తెలుస్తుందంటూ ఒక ప్రధాన పత్రికలో ప్రయోగాలు ప్రచురించినప్పుడు కలకలం పారాసైకాలజీకి పరిమితం కాలేదు. మామూలు మనస్తత్వశాస్త్రం వాడే గణాంక పద్ధతులే బోనెక్కాయి. 2015లో ఒక పెద్ద పరిశోధక బృందం 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, గణాంకపరంగా నిలిచినవి మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ఇవాళ పరిశోధన పద్ధతుల కార్యశాలల్లో చెప్పే ప్రయోగ ప్రణాళికను ముందస్తుగా నమోదు చేయడం, ముడి దత్తాంశాన్ని బయట పెట్టడం వంటి అలవాట్లకు ఈ రెండు సంఘటనలూ ఊపునిచ్చాయి. అందుచేత పారాసైకాలజీ పంచన ఉండటం వల్ల ఇక్కడి విద్యార్థికి నష్టమే జరిగిందన్న తీర్పు సగమే సరైనది. పోయింది పరువు, దక్కింది అనుమానించే శిక్షణ. ఆ శిక్షణను అందరూ అందుకున్నారా అంటే, అది వేరే సంగతి.

1978లో మొదలైన జర్నల్ ఆఫ్ ఇండియన్ సైకాలజీతో, యోగ చైతన్య అధ్యయన సంస్థతో శాఖ దృష్టి మరో వైపు తిరిగింది. భారతీయ చింతనలోని మనస్సు, చైతన్యం, ధ్యానం ఆధునిక మనస్తత్వశాస్త్రంలో ఎక్కడ ఇముడుతాయన్నది ప్రశ్న. 2002లో పుదుచ్చేరిలో సమావేశమైన మనస్తత్వశాస్త్రవేత్తలు భారతీయ మనస్తత్వశాస్త్రం గురించి ఒక ప్రకటన వెలువరించారు. 2008లో రామకృష్ణారావు, ఆనంద్ పరాంజపే, అజిత్ దలాల్ సంపాదకత్వంలో దీనికొక పెద్ద కరదీపిక వచ్చింది. ఈ ధోరణి సదస్సులకు కొత్త విషయాలిచ్చింది, తత్త్వశాస్త్రపు పాత పంచను కూడా తిరిగి తెచ్చింది. సూత్రానికి వ్యాఖ్యానం చెప్పడం ప్రయోగం కంటే తేలిక గనుక, కొలిచే పని వెనుకబడే ప్రమాదం ఇందులో ఎప్పుడూ ఉంది.

సైన్స్ కాంగ్రెస్ సంగతి చూస్తే ఈ శాస్త్రానికి దొరికే చోటులో మార్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మహాసభ రెండుసార్లు ఈ ఊరు వచ్చింది: 1976 జనవరిలో ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన 63వ సమావేశం, 2008 జనవరిలో 95వది. మొదటిసారి వచ్చినప్పుడు మనస్తత్వ, విద్యాశాస్త్రాలకు కలిపి ఒక విభాగం ఉండేది. రెండోసారికి విభాగాలను కుదించారు. మానవశాస్త్రం, పురావస్తుశాస్త్రం, విద్యాశాస్త్రాలతో పాటు మనస్తత్వశాస్త్రం ఒకే గొడుగు కిందికి చేరింది. ఒకే ఊళ్లో ముప్పై రెండేళ్ల తేడాతో జరిగిన రెండు సభల్లో ఈ శాస్త్రానికి దొరికిన చోటు అలా కుంచించుకుపోయింది. ఇదే కాలంలో దేశంలో మనస్తత్వశాస్త్ర శాఖలు, విద్యార్థులు పెరిగారు కదా, ఇది తిరోగమనం ఎలా అవుతుందని అడగవచ్చు. ప్రత్యేక సంఘాలు పుట్టి తమ సదస్సులు తాము పెట్టుకోవడం కూడా ఈ కుదింపుకు ఒక కారణం. 1962లో ఇండియన్ అకాడమీ ఆఫ్ అప్లైడ్ సైకాలజీ, 1968లో క్లినికల్ సైకాలజిస్టుల సంఘం, 1989లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైకాలజీ ఏర్పడ్డాయి. నిజమే. కానీ సంఘం సదస్సు ఏటా ఊరు మారుతుంది; రైలు ఛార్జీ, వసతి, రిజిస్ట్రేషన్ ఫీజు పెట్టుకోగలవాళ్లే వెళ్తారు. ఊళ్లో జరిగిన సభకు ఎం.ఏ. మొదటి ఏడాది పిల్లలు కూడా నడిచి వెళ్లి వెనుక బెంచీలో కూర్చోగలరు. ఐరోపాలో 1987లో మనస్తత్వశాస్త్ర విద్యార్థి సంఘాలే సమాఖ్యగా ఏర్పడి తమ వార్షిక సభను తామే నడుపుకుంటున్నాయి. మన దగ్గర సభ పెట్టేది అధ్యాపకులు. విద్యార్థుల పని కుర్చీలు సర్దడం, అతిథులను స్టేషన్ నుంచి తీసుకురావడం.

వెనుక బెంచీ విద్యార్థిని ముందుకు నెట్టింది కుతూహలం కంటే యూజీసీ. 2010 నిబంధనలు అధ్యాపకుల పదోన్నతికి మార్కుల పద్ధతి పెట్టి, అంతర్జాతీయ సదస్సులో పత్రానికి 10, జాతీయ సదస్సులో అయితే 7.5 అని లెక్క కట్టాయి. ఒక విదేశీ అతిథి దొరికితే చాలు, బ్యానర్ మీద ‘అంతర్జాతీయ’ అన్న మాట ఎందుకెక్కుతుందో ఈ రెండంకెల మధ్య తేడా చెబుతుంది. 2016 నిబంధనలు పీహెచ్‌డీ స్కాలర్ సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు ఒక పత్రం ప్రచురించాలని, రెండు పత్రాలు సదస్సుల్లో చదవాలని విధించాయి. పది నిమిషాల ప్రెజెంటేషన్, వెంటనే సర్టిఫికెట్, సాయంత్రానికి ఖాళీ హాలు: ఈ దృశ్యానికి మూలం ఆ షరతే. ఒక మేలూ జరిగిందని ఒప్పుకోవాలి. నోరు విప్పని స్కాలర్లు కనీసం రెండుసార్లు నిలబడి మాట్లాడారు. 2022 నవంబరు నిబంధనల్లో ఆ షరతు పోయింది. షరతు కోసం వచ్చినవాళ్లు ఇక రానక్కర్లేదు, విషయం కోసం వచ్చేవాళ్ల సంఖ్య ఇప్పుడే తేలుతుంది.

ఇంత పెద్ద రేవు, ఉక్కు నగరంలో ఉంటూ పరిశ్రమ పంచన ఈ శాస్త్రం ఎందుకు చేరలేదన్నది పరిశీలించవలసిన ప్రశ్న. 1933లో రేవు తెరుచుకుంది; 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది; 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. రాత్రి షిఫ్టులో నిద్ర, కోక్ ఓవెన్ల వేడిలో ఏకాగ్రత, క్రేన్ మీద కూర్చున్నవాడి చూపు, చిన్న ప్రమాదం త్రుటిలో తప్పినప్పుడు దాన్ని దాచిపెట్టే మనస్తత్వం: పరిశోధనకు ఇంతకంటే మంచి ముడిసరుకు ఏ ఊళ్లో దొరుకుతుంది? జవాబు కుతూహలంలో కాక చట్టంలో కనబడుతుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది కార్మికులున్న చోట సంక్షేమాధికారి ఉండాలంది. ఆ ఉద్యోగం సోషల్ వర్క్, కార్మిక సంక్షేమం చదివినవారికి దారి తీసింది. సంస్థల్లో మనుషుల ప్రవర్తన అన్న పాఠం, 1957 నుంచి మేనేజ్‌మెంట్ చదువు చెబుతున్న ఇదే విశ్వవిద్యాలయంలో ఎంబీఏ వారి పాలబడింది. ఫ్యాక్టరీలో మనస్తత్వశాస్త్రవేత్త ఉండి తీరాలని ఏ చట్టమూ అనలేదు. ఉద్యోగం లేని చోటికి సదస్సు కూడా వెళ్లలేదు. పరిశ్రమలు తలుపులు తీయవు కాబట్టి శాఖను తప్పుపట్టరాదని కొందరంటారు. అయితే అదే గేటు సోషల్ వర్క్ విద్యార్థికి ఫీల్డ్‌వర్క్ పేరుతో తెరుచుకుందంటే, అడిగే పద్ధతిలో కూడా తేడా ఉందనుకోవాలి.

వైద్యం పంచన చేరినప్పుడు మాత్రం కార్యశాలకు పని దొరికింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో పెట్టిన పిచ్చాసుపత్రి వారసురాలైన ప్రభుత్వ మానసిక వైద్యశాల, 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల ఈ ఊళ్లోనే ఉన్నాయి. 1992 పునరావాస మండలి చట్టం క్లినికల్ సైకాలజిస్టును నమోదైన వృత్తిగా మార్చింది. నమోదు నిలబెట్టుకోవడానికి నిరంతర శిక్షణ కావాలంది. రోర్‌షాక్ పది సిరా మరకల గురించి పత్రం విన్నవాడికి వాటి చరిత్ర తెలుస్తుంది. ఒక రోగి చెప్పిన జవాబును పక్కవాడూ తానూ విడివిడిగా గుర్తులు వేసి, రెండూ ఎందుకు కలవలేదో వాదించుకున్నవాడికే పరీక్షలో చేయి తిరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురం స్టైరిన్ వాయువు లీకు ఈ ఊరికి మరో అవసరం చూపించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని సారం మూడు మాటల్లో ఉంటుంది: చూడు, విను, కలుపు. మూడో మాటకు అర్థం, బాధితుణ్ణి తిండి, మందు, బంధువులు దొరికే చోటికి చేర్చమని. ఇది ఉపన్యాసంతో వచ్చే విద్య కాదు. బాధితుడి పాత్ర ఒకరు, సహాయకుడి పాత్ర ఒకరు వేసి, బలవంతంగా కథ చెప్పించకుండా ఉండటం సాధన చేయాలి. అది కూడా తెలుగులో చేయాలి. సదస్సు పత్రం ఇంగ్లీషులో ఉన్నా గడిచిపోతుంది గానీ, వెంకటాపురంలో నిద్ర పట్టని తల్లితో ఇంగ్లీషు పదకోశంతో మాట్లాడలేం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలకు పరిభాష కూర్చింది. ‘యాంగ్జైటీ’కి వ్యాకులత అని రాసుకున్న విద్యార్థి, ఎదుటి మనిషి ‘గుండె దడ, కాళ్లలో నీరసం’ అన్నప్పుడు రెండూ ఒకటేనని పట్టుకోవాలి. అది కార్యశాలలోనే తెలుస్తుంది.

వృత్తి నమోదు కథ 1992 చట్టంతో ఆగలేదు. 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మనస్తత్వశాస్త్రజ్ఞులను ప్రవర్తనా ఆరోగ్య వృత్తుల కింద చేర్చింది. క్లినికల్ సైకాలజిస్టులు మాత్రం పునరావాస మండలి పరిధిలోనే మిగిలారు. ఆ చట్టాన్ని చూపుతూ 2025లో యూజీసీ, ఆ ఏడాది జులై–ఆగస్టు ప్రవేశాల నుంచి మనస్తత్వశాస్త్రాన్ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పడం ఆపమంది. పోర్టులోనో ఉక్కు కర్మాగారంలోనో షిఫ్టు చేస్తూ దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ కట్టాలనుకున్నవారికి ఆ దారి దాంతో మూసుకుపోయింది.