సుమిదా నదీముఖాన జాలరుల దేవాలయం

టోక్యో నగరంలో సుమిదా నది సముద్రాన్ని సమీపించే చోట త్సుకుదా అనే చిన్న పేట ఉంది. ఆకాశహర్మ్యాల నీడలో, ఇరుకైన కాలువకు చేరువగా, అక్కడి సుమియోషి షింటో దేవాలయం దర్శనమిస్తుంది. వలస వచ్చిన జాలరులు నిలుపుకొన్న గుడి అది.

వారి స్వస్థలం ఒసాకా ప్రాంతంలోని త్సుకుదా గ్రామం. ఒకప్పుడు నది దాటలేక చిక్కుకొన్న టోకుగావా ఇయెయాసును ఆ గ్రామస్థులు పడవలిచ్చి ఆదుకొన్నారని ఐతిహ్యం. ఆయన 1590లో ఎడోకు, అనగా నేటి టోక్యోకు, తరలిన పిమ్మట 33 మంది జాలరులు ఆయన ఆశ్రయంలో అక్కడికి చేరారు. ఐతిహ్యం మాట ఎట్లున్నా, ఎదుగుతున్న కోట పట్టణానికి చేపలు కావాలి. జలమార్గాలపై నమ్మకస్తులూ కావాలి. నదీముఖంలో లభించిన మేటను పూడ్చి వారు దీవిగా మలచుకొన్నారు. దానికి స్వగ్రామం పేరే పెట్టి, 1646లో తమ సముద్ర దేవతలను ప్రతిష్ఠించుకొన్నారు. ఆ దేవతల సరసన ఇయెయాసు కూడా పూజలందుకొంటున్నాడు. ఇందులో భక్తి ఎంతో, లౌక్యమూ అంతే.

షిరావో అనే చిన్న తెల్లచేపలను ఏటా షోగన్‌కు సమర్పించడం వీరి విధి. సన్నచేపలను ఉప్పుతో, తరువాత సోయా రసంతో ఉడికించి నిల్వ చేసుకొనేవారు. నేడు జపాను అంతటా ప్రసిద్ధమైన ‘త్సుకుదాని’ అదే.

మూడేళ్ళకొకసారి జరిగే మహోత్సవంలో ఎనిమిది కోణాల పల్లకి ఊరేగుతుంది. ఎత్తైన పతాకాలు నిలుపుకొనేందుకు 1798లో షోగన్ ప్రభుత్వం అనుమతించింది. 1857లో హిరోషిగె చిత్రించినది ఈ వేడుకనే. ఆవరణలో 1953లో సూర జాతి చేపల వ్యాపారులు నెలకొల్పిన స్మారకశిల ఉంది. తమ జీవనం కొరకు ప్రాణమిచ్చిన చేపలకు కృతజ్ఞతగా, వాటి ఆత్మశాంతికై నిలిపిన శిల అది.

కాని, ఏ నీటిని నమ్మి ఈ జనం వచ్చారో ఆ నీరే చేజారింది. కాలుష్యం, పూడికలు, రేవుల విస్తరణ నడుమ 1962లో టోక్యో జాలరులు అఖాతంలో తమ వేట హక్కులను వదులుకొన్నారు. పల్లకిని పడవపై ఊరేగించే ఆచారమూ ఆ ఏటితో ఆగింది. 1964లో వంతెన వచ్చి, బల్లకట్టు రేవును మూయించింది. పడవ ఊరేగింపు మాత్రం 28 ఏళ్ళ విరామానంతరం 1990లో మళ్ళీ మొదలయింది. పతాకాల కొయ్యస్తంభాలను నేటికీ ఉత్సవానంతరం కాలువ బురదలో పాతి ఉంచుతారు. గాలి సోకని ఆ తడిలో కొయ్య పుచ్చదు. మరుసటి ఉత్సవానికి పేటవాసులే బురదలో దిగి వాటిని వెలికితీస్తారు.