ఖాతా పుస్తకంలో విశాఖ చరిత్ర

సింహాచలం కొండమీద శాసనాలు వందల సంఖ్యలో ఉన్నాయి. అఖండ దీపానికి ఎవరు ఎన్ని ఆవులిచ్చారో, 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి ఏ నగలు సమర్పించాడో ఆ రాళ్ళు చెబుతాయి. ఇచ్చినవాడి పేరు రాతిమీద నిలిచింది. మరి బాకీపడ్డవాడి పేరు ఎక్కడ నిలుస్తుంది? ఈ ప్రశ్న నాకు కొండకింద, గోపాలపట్నం వెళ్ళే రోడ్డుమీద, మూతపడిన ఒక సైకిలు కొట్టు ముందు తట్టింది. యజమాని పోయాక అతని ఖాతా పుస్తకాలు పాత కాగితాల బండికి వెళ్ళిపోయాయి. అందులో రెండు మిగిలితే, "మీరు పుస్తకాల మనిషి కదా మాస్టారూ, ఉంచుకోండి" అని అతని భార్య నా చేతిలో పెట్టింది. ఒకటి 1974 నాటిది, రెండవది 1991 నాటిది. ఈ నాలుగు మాటలూ రాయడానికి ఆ పుస్తకాలే కారణం.

ఆర్థిక సంక్షోభం వస్తే సైకిళ్ళ వాడకం పెరుగుతుందని చాలామంది అభిప్రాయం. పెట్రోలు ధర పెరుగుతుంది, మోటారు బండి మూలపడుతుంది, జనం సైకిలెక్కుతారు. తర్కం సరళంగానే ఉంది. అయితే అది మోటారు బండి ఉన్నవాడి తర్కం. సైకిలును ఒక మెట్టు అనుకుందాం. కష్టకాలంలో ఆ మెట్టు మీదికి పైనుంచి దిగివచ్చేవాడొకడు; ఆ మెట్టు మీదనుంచి నేలమీదికి దిగిపోయేవాడు మరొకడు. ఈ ఇద్దరినీ కలిపి "జనం" అనడంలోనే పొరపాటుంది. సైకిలు కొట్టుకు ఇద్దరూ వస్తారు. ఒకడు కొనడానికి వస్తాడు, మరొకడు అమ్మడానికి వస్తాడు.

మొదట్లో సైకిలు శ్రామికుడి వాహనం కాదు. రాలీ, హంబర్, రడ్జ్, బి.ఎస్.ఎ. అన్నీ సీమ సరుకే. ప్లీడరు, గుమాస్తా, మిషను బడి పంతులు వాటిని ఎక్కేవారు. శ్రామికుడికి దాని అవసరం కల్పించింది విశాఖలో వెలసిన పరిశ్రమలు. 1933లో రేవు తెరిచారు. 1941 జూన్‌లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఆ కంపెనీ పేరే ఆ ప్రాంతానికి పేరుగా నిలిచిపోయింది. 1957లో కాల్టెక్సు చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. పని సముద్రం ఒడ్డున, కొంపలు కొండల దాపున. షిఫ్టు మొదలయ్యే వేళకు బస్సుండదు. ఆ మధ్యనున్న దూరాన్ని తొక్కినవాడు కార్మికుడే.

యుద్ధకాలం సంగతి మా తాత చెప్పగా విన్నాను. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయింది, మలయా రబ్బరు జపాను చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖమీద బాంబులు పడ్డాయి. తాత అప్పుడు రేవులో కలాసీ. టైరు బ్లాకు మార్కెట్టులో తప్ప దొరికేది కాదట. దొరికినా కొనే తాహతు లేక, వెనక చక్రం రిమ్ముకు కొబ్బరితాడు బిగించి చుట్టి, ఆ బండిమీదే డ్యూటీకి వెళ్ళేవాడట. ఆ ప్రయాణంలో నడుం ఎంత నొప్పి పెట్టిందో ఏ గెజెటీరులోనూ ఉండదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆసన్‌సోల్‌లో సెన్-రాలీ, మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ., సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో కంపెనీలు వెలిశాయి. సైకిలు స్వదేశీ అయింది. కూలివాడి కలలోకి వచ్చింది. కాని కలకూ కొనుగోలుకూ మధ్య ఒక కాగితం ఉంది. సర్కారు ఉద్యోగికి సైకిలు అడ్వాన్సు దొరికేది. నెలనెలా జీతంలో కొద్దికొద్దిగా విరుచుకునేవారు. (కేంద్ర ప్రభుత్వం దానిని ఏడవ వేతన సంఘం సిఫారసు మేరకు 2016లో ఎత్తివేసింది; అప్పటికి అడిగేవాడూ లేడు.) మస్టరులో పేరే సరిగా ఎక్కని కాంట్రాక్టు కూలీకి మాత్రం అడ్వాన్సు లేదు. వాడికి వడ్డీవ్యాపారి ఉన్నాడు, లేదా సైకిలు కొట్టు ఉంది. ఒకే రోడ్డుమీద పక్కపక్కన పోయే రెండు సైకిళ్ళ వెనుక రెండు భిన్నమైన ఆర్థిక సంబంధాలున్నాయని మనం గమనించాలి.

ఇక 1974. అంతకు ముందు సంవత్సరం అక్టోబరులో మొదలైన చమురు సంక్షోభంతో ప్రపంచ విపణిలో ముడిచమురు ధర నాలుగింతలైంది. హాలెండులో ఆదివారాలు కార్లు ఆపేసి జనం సైకిళ్ళమీద తిరిగారు. అమెరికాలో 1973లో సుమారు కోటిన్నర సైకిళ్ళు అమ్ముడయ్యాయి. అక్కడ కష్టం అంటే పెట్రోలు. ఇక్కడ కష్టం బియ్యం, కిరోసిను. అప్పటికే సైకిలు మీద ఉన్నవాడు ఇంకెక్కడికి దిగుతాడు? నా దగ్గరున్న పుస్తకంలో ఆ ఏడాది మొదటి నెలల నుంచే కొత్త టైరు అన్న మాట దాదాపు కనిపించదు. "పాత టైరు ముక్క లోపల", "ట్యూబుకు అతుకు", మళ్ళీ "అతుకు". మే 8న రైల్వే సమ్మె మొదలైంది. ఆ తేదీ తర్వాత కొన్ని పేర్ల పక్కన యజమాని పెన్సిలుతో రెండే మాటలు రాసుకున్నాడు: "సమ్మె అయ్యాక". సమ్మె మే 27న ముగిసింది. వేలాదిమంది ఉద్యోగాలు పోయాయి. ఆ పేర్లలో కొన్నిటిమీద చెల్లు గీత ఇప్పటికీ లేదు. సమ్మె చరిత్ర రాసేవారు యూనియన్ల నిధుల గురించి రాస్తారు. ఊళ్ళో సైకిలు కొట్లు, చిల్లర దుకాణాలు మోసిన నిధి గురించి ఎవరు రాస్తారు?

ఇక్కడ డి సీకా చిత్రం 'బైసికిల్ థీవ్స్' (1948) ప్రస్తావించక తప్పదు. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో చూపినప్పటినుంచీ దానిని మనవాళ్ళు మెచ్చుకుంటూనే ఉన్నారు. అయితే దొంగతనం గురించి మాట్లాడినంతగా తాకట్టు గురించి మాట్లాడలేదని నాకనిపిస్తుంది. గోడలకు పోస్టర్లంటించే ఉద్యోగం దొరకాలంటే సైకిలుండాలి. సైకిలేమో అప్పటికే తాకట్టులో ఉంది. ఇల్లాలు పడక దుప్పట్లు కుదువబెట్టి దానిని విడిపిస్తుంది. తాకట్టు కొట్టులో అటువంటి దుప్పట్ల మూటలు అటకలమీద కప్పుదాకా పేర్చి ఉంటాయి. నిరుద్యోగాన్ని ఉపన్యాసం లేకుండా చూపిన దృశ్యం అది. పని ఉంటేనే సైకిలు, సైకిలుంటేనే పని.

సైకిలు కొట్టువాడికి కష్టకాలం లాభమని కొందరంటారు. కొత్తది కొనలేనివాడు పాతదానికి మరమ్మతు చేయించుకుంటాడు కదా అని. పని పెరిగే మాట నిజమే. చేతికి గ్రీజు ఎక్కువ అంటుతుంది. నీళ్ళ తొట్టి పక్కన ట్యూబులు గుట్టపడతాయి. డబ్బు మాత్రం రాదు. పెడలుకు, ఫ్రీవీలుకు, బేరింగు గోళీలకు టోకు వర్తకుడు రొక్కం అడుగుతాడు, తొక్కేవాడు అరువడుగుతాడు. రెంటి మధ్య కొట్టువాడు నలుగుతాడు. ఆపైన బండ్లు అమ్మకానికి వస్తాయి. అమ్మేవాళ్ళు పదిమంది, కొనేవాడొకడు. పెట్టుబడంతా తుప్పుపట్టే ఇనుములో ఇరుక్కుపోతుంది. అప్పుడతను వాటికి వరస నంబర్లు వేసి గంటల లెక్కన అద్దెకిస్తాడు. కొండ దిగి అనాసపళ్ళ గంపలతో వచ్చేవాళ్ళు, ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకు వచ్చే జనానికి సోడాలు అమ్మేవాళ్ళు, బడిపిల్లలు ఆ బండ్లు తీసుకునేవారు.

నేను సైకిలు నేర్చుకున్నది అటువంటి అద్దె బండి మీదే, 1991లో. ఆ ఏడాది జూలైలో రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు. మా ఇంటికి తెలిసిన సంక్షోభం మాత్రం అది కాదు. ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టులో జాతికి అంకితం చేశారు. అంటే అంతకు ముందు రెండేళ్ళలో నిర్మాణం పనులు ఒక్కొక్కటిగా ముగిశాయి. కట్టినవాళ్ళందరికీ కట్టినదానిలో చోటుండదు. మా నాన్న ఒక కాంట్రాక్టరు కింద కడ్డీలు కట్టేవాడు. ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ పోను, మళ్ళీ అంతే రాను. ఆ కాంట్రాక్టరు మూడు వారాల కూలి ఎగవేసి కనబడకుండా పోయాడు. పిల్లలమైన మాకు మాత్రం ఆ సంవత్సరం పండగలా ఉండేది. కొట్టుముందు అంతకు ముందెన్నడూ లేనన్ని అద్దె సైకిళ్ళు! అవన్నీ ఎక్కడినుంచి వచ్చాయో మేమడగలేదు. వాటిలో మా నాన్న సైకిలు కూడా ఉంది. గంటకు రూపాయిచ్చి దాన్నే నేనెక్కాను.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసినదే. వాయిదాల మీద మోటారు సైకిలు వచ్చింది. 2011 జనగణన నాటికి దేశంలో నూటికి 45 కుటుంబాలకు సైకిలుంటే, 21 కుటుంబాలకు మోటారు ద్విచక్రవాహనం ఉంది. కొట్టు సగం పంక్చర్ల కొట్టయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పెట్రోలు బంకుల ముందు బారులు తీరినప్పుడు వారం రోజులు అటకమీది సైకిళ్ళు కిందికి దిగాయి, మళ్ళీ అటకెక్కాయి.

2020 మార్చి 25 తర్వాత మాత్రం ఇద్దరినీ ఒకేసారి చూశాను. మెట్టు దిగి సైకిలుమీదికి వచ్చినవాడు గేర్ల సైకిలు కొని తెల్లవారుజామున బీచి రోడ్డులో తొక్కాడు. ఆరోగ్యానికి మంచిదే, తప్పుపట్టను. రెండోవాడు పదహారో నంబరు జాతీయ రహదారి వెంబడి ఒడిశా వైపు, ఇంకా పైకి తొక్కాడు. చేతిలో మిగిలిన ఆఖరి కూలి పెట్టి కొన్న బండి అది. కొట్టు యజమాని అప్పటికి ముసలివాడు. సగం షట్టరెత్తి, మిగిలిన అద్దె బండ్లకు టైర్లు మార్చి వాళ్ళకు అమ్మేశాడు. సైకిళ్ళకు గిరాకీ పెరుగుతున్నదని పత్రికలు రాస్తున్న ఆ రోజుల్లోనే, జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడు, సాహిబాబాదులో అట్లాస్ కర్మాగారం కార్మికులకు లే-ఆఫ్ నోటీసు అంటించింది.

విశాఖ మన కథకు కొత్తది కాదు. రావిశాస్త్రి గారు ఈ ఊరి కోర్టులనూ, సారా వ్యాపారాన్నీ కథల్లోకి తెచ్చారు. కారా మాస్టారు 'యజ్ఞం'లో ఒక అప్పుకు ఊరందరినీ సాక్షులుగా నిలబెట్టారు. రిక్షా తొక్కేవాడూ, రేవు కూలీ మన సాహిత్యంలో ఉన్నారు. అరువిచ్చే సైకిలు కొట్టువాడు మాత్రం, నా చదువుకు అందినంతలో, పాత్రగా నిలబడలేదు. అతడిని దోపిడీదారు అనలేం. శ్రామికుడు అనీ పూర్తిగా అనలేం. మన వర్గ విశ్లేషణకు ఇబ్బంది కలిగించే మనిషి కనుకనే అతడిని వదిలేశామేమో.

1991 నాటి పుస్తకంలో మా నాన్న పేరు ఉంది. టైరు ఒకటి, ట్యూబు ఒకటి, సగం ముట్టింది. మిగిలిన సగంమీద చెల్లు గీత లేదు. బండి ఆ కొట్టుకే అమ్మాడు కదా, బాకీ అందులో విరుచుకుని ఉంటాడనుకున్నాను. నాన్ననడిగాను.

"విరుచుకోలేదురా. పూర్తి డబ్బులిచ్చేశాడు. అదేటి, బాకీ ఉంది గదా అంటే, 'టైరు బండికే ఉంది గదా బావూ, ఇంక బాకీ ఏటి?' అన్నాడు."